ఐదో నంబరు రూలు

బడులు తెరిచిన వారంలో పరకాల పోయాను. అక్క మిషన్ మీద జాకెట్ కుడుతోంది. మేనల్లుడు బ్యాగులోంచి ఒక కాగితం తీసి బట్టల మీద పెట్టాడు.

"అమ్మా, సంతకం."

అక్క దారం తెంపి పెన్ను అందుకుంది. "ఏడ వెట్టాలె?"

"గిక్కడ, గీత మీద."

"ఏమున్నదే అండ్ల?" అని నేను అడిగాను.

"ఏమోరా. బడోళ్లు ఇచ్చిండ్రు. పెట్టకపోతే లోపలికి రానియ్యరట."

కాగితం తీసుకుని చూశాను. తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు సబ్జెక్టు, క్లాసులో పాటించాల్సిన నియమాలు. మొత్తం పద్నాలుగు. అన్నీ ఇంగ్లీషులోనే. అట్టలు ఏ రంగువి వేయాలి, మార్జిన్ ఎంత వదలాలి, ఒకరోజు ఆలస్యమైతే హోంవర్కుకు సున్నా, ఇవన్నీ ఎక్కడైనా ఉండేవే. మూడోది: క్లాసులో "వెర్నాక్యులర్" మాట్లాడితే ఒక్కోసారికి ఐదు రూపాయల ఫైను. నాలుగోది: ప్రశ్నలకు టీచరు రాయించిన జవాబులే రాయాలి, సొంత జవాబులకు మార్కులుండవు. ఐదోది: ఇంటి దగ్గర తల్లిదండ్రులు పిల్లలతో ఇంగ్లీషులోనే మాట్లాడాలి. అన్నిటికీ కింద, అక్క సంతకం పెట్టబోతున్న గీతకు సరిగ్గా పైన ఒక వాక్యం. ఈ నియమాలన్నీ చదివి, అర్థం చేసుకుని, ఒప్పుకుంటున్నానని.

మా అక్క ఏడో తరగతి దాకా తెలుగు మీడియం చదివింది. బావ పరకాల–హన్మకొండ మధ్య ఆటో నడుపుతాడు. ఇద్దరిలో ఎవరూ ఆ కాగితం చదవలేరన్న సంగతి దాన్ని పంపిన బడికి తెలుసు. తెలిసే పంపింది. చదవలేని మనిషి చేత "చదివాను" అని రాయించుకున్నాకే ఆ బడిలో చదువు మొదలవుతుంది.

నేను ఇంగ్లీషుకు వ్యతిరేకిని కాను. ఈ మాట ముందే చెప్పాలి. ఇలాంటి వ్యాసం మొదలు కాగానే, మాతృభాషా దినోత్సవం నాడు ఉపన్యాసమిచ్చి, సాయంత్రం మనవణ్ని ఇంటర్నేషనల్ స్కూలు నుంచి తెచ్చుకునే పెద్దమనిషి ఎవరో రాస్తున్నాడని మీకు అనుమానం రావచ్చు. ఆ అనుమానం న్యాయమైనదే. ఉమ్మడి వరంగల్ జిల్లావాడైన కంచ ఐలయ్య ఏళ్ల తరబడి అంటున్నది కూడా ఇదే: పై కులాల పిల్లలకు ఇంగ్లీషు, మిగతా పిల్లలకు భాషాభిమానం, ఇదెక్కడి న్యాయం అని. ఆ ప్రశ్నకు ఎదురు చెప్పగల జవాబు నాకింతవరకు ఎవరి దగ్గరా దొరకలేదు. నా ఉద్యోగం ఇంగ్లీషు పెట్టిన భిక్ష. మా మేనల్లుడికి ఇంగ్లీషు రావాలి. నాకంటే బాగా రావాలి. ఆ కాగితం మీద నాకున్న కోపమంతా అందుకే. ఆ పద్నాలుగు రూల్సూ పాటించిన పిల్లవాడికి ఇంగ్లీషు రాదు.

ఎట్లా తెలుసంటే, నేను పాటించాను కాబట్టి.

పరకాలలోనే, వేరే ప్రైవేటు బడిలో, నేను తొమ్మిది చదివిన ఏడు మాటకు రూపాయి ఫైను ఉండేది. టేబుల్ మీద ఖాళీ హార్లిక్స్ సీసా. తెలుగు మాట్లాడినవాళ్ల పేర్లు రాయడానికి క్లాస్ లీడరుకు ఒక చిన్న నోటుబుక్కు. మొదటి నెలలో సీసా నిండింది. దసరా నాటికి సగం కూడా నిండలేదు. మాకు ఇంగ్లీషు వచ్చేసిందని సార్లు అనుకున్నారు. మేము నోరు మూసుకున్నాం, అంతే. డౌటు అడగాలంటే ముందు ఇంగ్లీషులో కూర్చుకోవాలి. కూర్చుకునేలోపు పాఠం ముందుకు పోయేది. కొన్నాళ్లకు డౌట్లు రావడం మానేశాయి. సంవత్సరం చివర ఆ డబ్బులతో క్లాసుకు గోడ గడియారం కొన్నారు. ఆ తర్వాత నాలుగేళ్లకు హైదరాబాదులో మొదటి ఇంటర్వ్యూలో "నీ గురించి చెప్పు" అన్నప్పుడు నాకు ఆ గడియారం టిక్కుటిక్కుమనడమే వినిపించింది. వ్యాకరణం తెలుసు, వాక్యాలు తెలుసు. నోరు తెరవడం ఒక్కటే తెలియదు.

ఇది మా బడి కనిపెట్టిన పద్ధతేమీ కాదు. కెన్యా రచయిత న్గూగీ వా థియోంగో తన చిన్నప్పటి బడి గురించి 1986లో వచ్చిన 'డీకలనైజింగ్ ద మైండ్'లో రాశాడు. గికుయు మాట్లాడుతూ దొరికిన పిల్లవాడికి బెత్తం దెబ్బలు, లేదా తాను గాడిదనని రాసిన రేకు మెడలో. ఆ దొరికినవాణ్ని పట్టుకోవడానికి ఒక గుండీ పిల్లల మధ్య చేతులు మారేది. సాయంత్రం అది ఎవరి దగ్గరుందో చూసి, అక్కణ్నుంచి వెనక్కి లెక్క తీసేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో వేల్స్‌లోని బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో చెక్కముక్క వేలాడదీసేవారు. అదీ ఇలాగే ఒకరి మెడ నుంచి ఒకరి మెడకు మారేది. వేల్స్‌లో చెక్క, కెన్యాలో గుండీ, పరకాలలో నోటుబుక్కు. అన్నిచోట్లా పిల్లలకు ముందుగా వచ్చిన విద్య పక్కవాడి మీద చాడీ చెప్పడం.

"వెర్నాక్యులర్" అన్న మాట చూడండి. దాని వెనకున్న లాటిన్ మాట 'వెర్నా'కు యజమాని ఇంట్లో పుట్టిన బానిస అని అర్థం. ఆ కాగితం టైపు చేసినవాళ్లకు ఇది తెలిసి ఉండదు. "తెలుగు" అని రాయడానికి కూడా వాళ్లకు మనసొప్పలేదన్నదే నాకు పట్టిన సంగతి.

మన నేల మీద ఈ అవమానం కొత్తది కూడా కాదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటరులో జరిగిన సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే కొందరు కూర్చుని పెట్టుకున్న సంఘం తర్వాత ఆంధ్ర మహాసభ అయింది. నిజాం రాజ్యంలో ఉర్దూ రాజభాషగా ఉన్న కాలంలో, 1904లోనే హన్మకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం పేరుతో తెలుగు గ్రంథాలయం తెరిచారు. 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా ఎగరేయబోయిన జనం మీద కాల్పులు జరిగిన ఊరు పరకాల. ఆ అమరుల పేర అమరధామం ఊళ్లోనే ఉంది. మా మేనల్లుడి బడి పిల్లలను ఏటా అక్కడికి తీసుకుపోయి ఫోటోలు దిగుతారు. తిరిగొచ్చి క్లాసులో "సార్, నీళ్లు తాగొస్త" అంటే ఐదు రూపాయలు.

తెలుగుకు చోటిస్తే ఇంక ఇంగ్లీషు ఎప్పుడు మాట్లాడతారు అని అడుగుతారు. అడగాల్సిందే. ఇంటి దగ్గర ఇంగ్లీషు వినపడని పిల్లవాడికి బడిలో ఆ నలభై అయిదు నిమిషాలే దిక్కు. అందుకే ఆ నిమిషాల్లో వాడు నోరు తెరవాలి. తప్పు మాట్లాడాలి, సగం మాట్లాడాలి, మధ్యలో మాట దొరక్క తెలుగు ముక్క అతికించి వాక్యం పూర్తి చేయాలి. "మేడం, ద స్నేక్ వజ్... చుట్టుకున్నది... ఆన్ హిజ్ ఆర్మ్" అన్న పిల్లవాడు మూడొంతులు ఇంగ్లీషు మాట్లాడాడు. ఆ ఒక్క మాట అందించే టీచరుంటే రేపు నాలుగొంతులూ మాట్లాడతాడు. ఐదు రూపాయలు అడిగే టీచరుంటే రేపు అసలు చెయ్యెత్తడు. ఇంగ్లీషును ఇంగ్లీషుతోనే నేర్పాలన్న నమ్మకం ఎక్కడిదో, అది ఎందుకు తప్పో రాబర్ట్ ఫిలిప్సన్ 1992లోనే 'లింగ్విస్టిక్ ఇంపీరియలిజం'లో విప్పి చూపించాడు. 1961లో ఉగాండాలోని మకెరెరేలో జరిగిన కామన్వెల్త్ సదస్సు ఆలోచనలనుంచి అతను తేల్చిన ఐదు అపోహల్లో మొదటిది ఇదే. అరవయ్యేళ్ల నాటి ఆ అపోహ పరకాలలో ఇంకా ఫీజు వసూలు చేస్తోంది.

మన సర్కారుకే ఈ సంగతి అర్థమైంది. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం పెట్టినప్పుడు, పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా అచ్చేశారు. ఆ బడుల తిప్పలు ఆ బడులకున్నాయి. అయినా రెండు భాషలూ పక్కపక్కన ఉంటే మునిగేదేమీ లేదని ఆ పుస్తకం తెరిచి చూస్తే తెలుస్తుంది. ఫీజు తీసుకునే బడికి మాత్రం తెలుగు కనపడని తెల్లకాగితమే కావాలి. బయట బోర్డు మీద అమ్ముతున్న సరుకు అదే కదా.

నాలుగో నంబరు నన్ను ఇంకా భయపెట్టింది. సొంత జవాబుకు మార్కులు లేవు. తొమ్మిదో తరగతి ఫార్మేటివ్ పరీక్షల్లో పిల్లవాడు తాను చదివినదాని గురించి సొంతంగా రాయాలని మార్కులే పెట్టారు. బడి ఏం చేస్తుంది? ఆ "సొంత అభిప్రాయం" కూడా బోర్డు మీద రాస్తుంది. నలభైమంది పిల్లలు ఒకే సొంత అభిప్రాయం దించుకుంటారు. ప్రాజెక్టు పని జిరాక్సు షాపులో రెడీగా దొరుకుతుంది. పోయినేడు మేనల్లుడి నోటుబుక్కు చూశాను. 'నాకు ఇష్టమైన పండుగ' వ్యాసంలో వాడి ఇష్టమైన పండుగ క్రిస్మస్. వీడికి బతుకమ్మ ముందురోజు పొలం గట్ల మీద తంగేడు పూలు కోసుకురావడమంటే ప్రాణం.

"మరి గిదేందిరా?" అన్నాను.

"మేడం గదే చెప్పింది మామా. గైడుల గదే ఉన్నది."

వాళ్ల ఇంగ్లీషు వాచకంలో 'ద స్నేక్ అండ్ ద మిర్రర్' అనే పాఠం ఉంటుంది. అద్దంలో తన అందం చూసుకుని మురిసిపోతున్న డాక్టరు భుజం మీదికి పాము వచ్చి చేరే కథ. రాసింది వైకం ముహమ్మద్ బషీర్. మలయాళంలో రాశాడు. బషీర్ గనక ఆ పద్నాలుగు రూల్స్ మీద సంతకం పెట్టి ఉంటే మా మేనల్లుడి పుస్తకంలో ఆ పాఠమే ఉండేది కాదు. ఈ సంగతి క్లాసులో ఒక్కసారి చెప్పినా చాలు, పిల్లలకు ఇంగ్లీషు మీద భయం సగం పోతుంది. ఎవరి భాషలో వాళ్లు రాస్తే అది ఇంగ్లీషు దాకా నడిచి వస్తుందని తెలుస్తుంది.

ఇందులో టీచరమ్మను తిట్టే ఉద్దేశం నాకు లేదు. ఆమెను పేరెంట్స్ మీటింగులో చూశాను. తెలుగు మీడియంలో చదివి వచ్చిన మనిషి. నాలుగు సెక్షన్లు, సెక్షనుకు నలభై పైన పిల్లలు, మా బావ ఆటో మీద సంపాదించేదానికంటే తక్కువ జీతం. పిల్లవాడు ఎదురు ప్రశ్న అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పలేనేమోనన్న భయం ఆమెకూ ఉంటుంది. మూడో నంబరు రూలు ఆ భయానికి తలుపు గొళ్లెం. పిల్లలు అడగరు, ఆమె చెప్పక్కర్లేదు. అందరి పరువూ దక్కుతుంది, చదువు ఒక్కటి తప్ప.

నన్నడిగితే ఆ కాగితానికి రెండు వైపులుండాలి. ఒకవైపు పిల్లవాడు చేయాల్సినవి, రెండోవైపు బడి చేయాల్సినవి. రెండూ తెలుగులో, ఇంగ్లీషులో. పిల్లవాడు రోజూ తన సొంత వాక్యం ఒకటి ఇంగ్లీషులో రాస్తాడు. తప్పున్నా మార్కు పోదు. అర్థం కానిది తెలుగులో అడుగుతాడు. టీచరు దాన్ని ఇంగ్లీషులో ఎలా అడగాలో చూపించి అప్పుడు జవాబు చెబుతుంది. రోజుకు పది నిమిషాలు టీచరు గట్టిగా కథ చదువుతుంది, పరీక్షకు సంబంధం లేకుండా. క్లాసులో ఒక అరనిండా పుస్తకాలుంటాయి, ఇంటికి ఇస్తారు, చిరిగితే ఫైను వేయరు. పత్తి ఏరే రోజుల్లో హోంవర్కు ఆలస్యమైతే సున్నా వేసే ముందు ఎందుకని అడుగుతారు. ఇందులో డబ్బు ఖర్చయ్యేది ఆ పుస్తకాల అర ఒక్కటే.

ఇదంతా ఆరోజు అక్కకు చెప్పాను, ఆవేశంగానే. కాగితం మొత్తం తెలుగులో చదివి వినిపించాను. ఐదో నంబరు దగ్గర అక్క నవ్వింది.

"నేను ఇంగ్లీషుల మాట్లాడాల్నా? మీ బావతోని గూడనా?"

తర్వాత నవ్వు ఆపింది. "అంటే నేను వానితో మాట్లాడుడే బంద్ చెయ్యాల్నా?"

నాకు రక్తం మరిగింది. ఐదో నంబరు కొట్టేసి, "ఈ నియమం నాకు సమ్మతం కాదు" అని తెలుగులో రాయమని పెన్ను అక్క చేతికిచ్చాను. వాడు చటుక్కున కాగితం లాక్కున్నాడు.

"మామా, నువ్వు రేపు హైదరాబాద్ పోతవు. క్లాసుల నిలవడేది నేను."

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఈ వ్యాసం చదివి షేర్ చేసేవాళ్లలో ఎవరూ ఆ క్లాసులో నిలబడరు. సెప్టెంబరు 9న కాళోజీ ఫోటో పెట్టుకుని తెలంగాణ భాషా దినోత్సవ శుభాకాంక్షలు చెప్పే మనం, మన పిల్లలను చేర్పించేటప్పుడు క్యాంపస్‌లో ఇంగ్లీషే మాట్లాడతారా అని రిసెప్షన్‌లో అడిగి మరీ డబ్బు కడతాం. చిన్న ఊళ్ల బడులు మనల్ని చూసే ఆ కాగితం అచ్చేశాయి. మన సంతకం పడ్డాకే మా అక్క దాకా వచ్చింది అది. మనమంటే పెద్ద బడికి ఎదురు చెప్పగలం, బడి మార్చగలం, ఆ కాగితం చదవగలం. చదవగలిగినవాళ్లం ముందుగా అడగకపోతే, చదవలేనివాళ్ల పిల్లవాడు ఒక్కడే లేచి అడగాల్సి వస్తుంది.

అక్క కాసేపు ఊరుకుంది. వాడి దగ్గర కాగితం తీసుకుని, ఏమీ కొట్టేయకుండా, గీత మీద తన పేరు తెలుగులో రాసింది. ఏడో తరగతి దస్తూరి, గుండ్రంగా, ఒక్కో అక్షరం విడివిడిగా. ఫైను వేస్తారేమోనని వాడు కాసేపు దాన్నే చూశాడు. తర్వాత మడిచి బ్యాగులో పెట్టుకున్నాడు.