కాపలా కాదు, తోడు

సిగరెట్ మానేవారికి మొదటి మూడు నాలుగు వారాలే గడ్డుకాలం. రక్తంలో నికోటిన్ సగానికి పడిపోవడానికి సుమారు రెండు గంటలు చాలు. అందుకే మానిన రోజే చిరాకు మొదలై, రెండు మూడు రోజులకు ముదురుతుంది. నిద్ర చెడుతుంది, ఆకలి పెరుగుతుంది. ఆ రోజుల్లో కంచం ముందు కసుర్లు కూరలో ఉప్పు గురించి కావని ఇంట్లోవారికి ముందే తెలిసి ఉంటే సగం గొడవలు తప్పుతాయి.

తాగాలన్న కోరిక ఒక్కోసారి కొన్ని నిమిషాలే గట్టిగా ఉంటుంది. ఆ కాసేపు గడిచేలా చూడటమే పక్కనున్నవారి పని. భోజనం కాగానే కిళ్ళీకొట్టు లేని దారిలో నడక, నోట్లోకి నాలుగు సోంపు గింజలు చాలు. వక్కపొడి మాత్రం వద్దు, వక్క కూడా క్యాన్సర్ కారకమే.

కాఫీ సంగతి చాలా ఇళ్లలో తెలియదు. పొగ వల్ల కాలేయం కెఫీన్‌ను త్వరగా విరిచేస్తుంది. పొగ ఆగితే అవే రెండు కప్పులు ఒంట్లో ఎక్కువసేపు నిలిచి, గుండెదడ, నిద్రలేమి తెస్తాయి. తప్పు మానడానిదని పొరబడతారు. కాబట్టి కాఫీ సగానికి తగ్గించాలి. నికోటిన్ గమ్ వాడేవారికి ఇంకో చిక్కు ఉంది. కాఫీ తాగిన పావుగంటలోపు నమిలితే మందు సరిగా ఒంటపట్టదు. గబగబా నమలడమూ తప్పే. చురుక్కుమనగానే ఆపి బుగ్గన పెట్టుకోవాలి.

చొక్కా వాసన చూడటం, జేబులు వెతకడం, పిల్లల మీద ఒట్టు వేయించుకోవడం ప్రేమతో చేసేవే అయినా చాటుగా తాగడం నేర్పుతాయి. ఒకటి వెలిగించారని తెలిసినప్పుడు "నాకు ముందే తెలుసు" అనడం అన్నిటికన్నా చేటు. తొలి ప్రయత్నంలోనే మానగలిగేవారు తక్కువ. ఏ వేళ, ఎవరితో ఉండగా వెలిగించారో కోపం లేకుండా అడిగితే ఆ జవాబు మర్నాడు పనికొస్తుంది.

ఈ కాపలాకు పూర్తి విరుద్ధమైన తప్పు ఉత్తరాంధ్ర పల్లెల్లో కనిపిస్తుంది. చుట్ట నిప్పును నోటిలోపల పెట్టుకునే అడ్డపొగ అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుంది. అది ఎక్కువగా ఆడవాళ్ల అలవాటు. "ఈ వయసులో ఏం మానుతుందిలే" అని ఇంటివారే వదిలేస్తారు. ఏ వయసులో మానినా మేలే.

ఇంటి సాయం చాలనప్పుడు సిగరెట్ పెట్టెల మీదే అచ్చయ్యే 1800 11 2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. పొగ మానడానికి ఇచ్చే బుప్రోపియాన్, వారెనిక్లిన్ మాత్రలు డాక్టరు రాస్తేనే వాడాలి. మూర్ఛ ఉన్నవారికి బుప్రోపియాన్ పనికిరాదు.