సైకిలుకు నూనె ఎక్కడ?

బాలలూ! గుడ్లవల్లేరులో నా శిష్యుడొకడు సైకిలును అద్దంలా తుడిచి, మెరుపు కోసం రిమ్ములకు కూడా నూనె పూశాడు. కాలువగట్టు మీద బ్రేకు పట్టక, సైకిలుతో సహా నీళ్ళలో పడ్డాడు! ఎందువల్ల? బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ నడుమ కలిగే రాపిడే చక్రాన్ని ఆపుతుంది. నూనె ఆ రాపిడిని పోగొడుతుంది. చైనుకు మాత్రం నూనె కావాలి. అక్కడ రాపిడి తగ్గాలి కదా!

ముందు బురదను తడిగుడ్డతో తుడవండి. ఇరుసుల మీద నీళ్ళు గుమ్మరించకండి, లోపలి గ్రీజు పాడవుతుంది. తరువాత పొడిగుడ్డతో ఒత్తండి. తడి నిలిస్తే ఇనుము తుప్పు పడుతుంది. బందరు వైపు ఉప్పుగాలికి మరీ త్వరగా పడుతుంది. చివరకు చైనుకు నాలుగు చుక్కల నూనె వేసి, పైనున్నది తుడిచివేయండి. చైను తిరుగుతుండగా పళ్ళచక్రం దగ్గర వేళ్ళు పెట్టకండి సుమా!