దక్షిణం గుమ్మం, ఎనభై అయిదు లక్షలు

హేతువాదులకి ఒక సౌకర్యం ఉంది. మన పని ఏదైనా చెడితే ఆ తప్పుని ఎదుటివాళ్ళ మూఢనమ్మకం మీదకి నెట్టెయ్యొచ్చు. ఆ సౌకర్యాన్ని నేను పద్నాలుగు నెలలు అనుభవించాను. దానికి నాకు ఎనిమిది లక్షల పైచిలుకు ఖర్చయింది.

కూకట్‌పల్లిలో మాకో ఫ్లాట్ ఉండేది. 2008 జూన్‌లో కొన్నాం, రిజిస్ట్రేషన్ ఖర్చులన్నీ కలిపి 30 లక్షలు. మూడో అంతస్తు, 1,150 చదరపు అడుగులు, నేలలో 42 గజాల వాటా. గుమ్మం దక్షిణానికి. బేరమాడేటప్పుడు నేనే బిల్డరుతో "దక్షిణం గుమ్మం కదండీ, ఎవరు తీసుకుంటారు?" అని మొహం చిన్నబుచ్చుకుని లక్షన్నర తగ్గించుకున్నాను. వాస్తు మీద నాకు నమ్మకం లేదని ఆయనకి చెప్పలేదు. ఇంటికొచ్చి నవ్వుకున్నాను కూడా.

పదహారేళ్ళు అందులో కాపురమున్నాం. పండితులు చెప్పే అరిష్టాలేవీ రాలేదు. షుగరొచ్చింది గానీ, అది తూర్పు గుమ్మం బ్లాకులో నా మిత్రుడికీ వచ్చింది. 2024లో ఎనభై ఎనిమిదేళ్ళ మా అమ్మ దగ్గర ఉండాల్సొచ్చి తెనాలి వెళ్ళిపోయాం. ఆవిడకి రాత్రీపగలూ మనిషి కావాలి. కింది గది, బాత్‌రూం ఆవిడకి వీలుగా మార్పించాలి. ఫ్లాట్ అమ్మితేగానీ అది జరగదు. ఆగస్టులో అమ్మకానికి పెట్టాను, 85 లక్షలకి.

మార్కెట్ అప్పటికే మందంగా ఉంది. ఆ జులైలోనే హైడ్రా ఏర్పడింది. చెరువుల్లో కట్టినవి కూలగొట్టడం టీవీల్లో చూసిన జనం, చెరువు జాడ లేని చోట కూడా "ఎఫ్‌టీఎల్‌లో లేదు కదా?" అని అడగడం మొదలుపెట్టారు. పైగా మాది పాత బిల్డింగు. డబ్బున్నవాళ్ళు గేటెడ్ కమ్యూనిటీలకి పోతున్నారు, లేనివాళ్ళకి బ్యాంకు లోను సరిపోవట్లేదు. ఇవన్నీ నాకు తెలుసు. అయినా బ్రోకరు మొదటి వారంలోనే "సార్, మీది సౌత్ ఫేసింగ్, అదే ప్రాబ్లం" అనగానే మిగతావన్నీ మర్చిపోయాను. అది నాకు నచ్చిన కారణం!

బ్రోకరు ఒక ఉపాయం కూడా చెప్పాడు. తనకి తెలిసిన సిద్ధాంతి ఉన్నాడు. అయిదు వేలిస్తే వచ్చి చూసి, ఇది దోషం లేని దక్షిణమని కాగితం రాసిస్తాడు. ఆ కాగితం వచ్చినవాళ్ళకి చూపించొచ్చు. నేను కుదరదన్నాను. మా ఆవిడ కూడా ఏనాడూ గుడికెళ్ళిన మనిషి కాదు. ఆవిడ మాత్రం "ఏమండీ, మీరు నమ్మక్కర్లేదు. నమ్మేవాడికి కాగితం ఇస్తున్నారు, అంతే. అక్కడ అత్తయ్యని ఎత్తి బాత్‌రూంకి తీసుకెళ్తున్నది నేను" అంది. దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. ముప్ఫయ్యేళ్ళు సభల్లో వాస్తు బూటకమని మాట్లాడినవాణ్ణి, ఆ బూటకానికి సర్టిఫికెట్ తెచ్చి ఇంకొకడి చేతిలో పెట్టలేను. ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. కానీ దాని బరువు మోసింది ఆవిడ. ఆ మాటా చెప్పాలి.

ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళతో మాత్రం నేను ఊరుకోలేదు. వరాహమిహిరుడు 6వ శతాబ్దంలో బృహత్సంహితలో ఏ వర్ణానికి ఏ వైపు వాలు నేల మంచిదో చెప్పాడని, దక్షిణం వాలు వైశ్యులకి మంచిదన్నాడని, ఇంటి కొలతలు కూడా వర్ణాన్ని బట్టే ఇచ్చాడని, ఇదేం శాస్త్రమని ఉపన్యాసమిచ్చేవాణ్ణి. వాస్తు చూసి కట్టిన కొత్త సచివాలయం 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైతే, కట్టించిన ముఖ్యమంత్రి అదే ఏడు డిసెంబరులో ఎన్నికలు ఓడిపోయారని కూడా అనేవాణ్ణి. (ఒక్క ఉదాహరణతో ఏదీ రుజువు కాదని నాకు తెలియక కాదు. నవ్వు వస్తుందని వాడుకునేవాణ్ణి.) వాళ్ళు మర్యాదగా విని వెళ్ళిపోయేవారు. ఇల్లు అమ్ముకునేవాడు కొనేవాడికి పాఠం చెప్పకూడదన్న చిన్న విషయం నాకు ఆలస్యంగా తెలిసింది.

ఒకాయన మాత్రం ఇల్లంతా నచ్చింది, దక్షిణం కూడా ఫర్వాలేదన్నాడు. కానీ సగం డబ్బు నగదుగా ఇస్తాడట, రిజిస్ట్రేషన్ ప్రభుత్వ విలువకే చెయ్యాలట. ఉత్తరం కుబేరస్థానమని బీరువా ఎక్కడ పెట్టాలో కూడా చూసుకున్నాడు. నల్లడబ్బుకి దోషం లేదన్నమాట!

అక్టోబరులో ఒక కుర్రాడు 70 లక్షలన్నాడు. మొత్తం చెక్కు, లోను కూడా మంజూరై ఉంది. "దక్షిణం పేరు చెప్పి పదిహేను లక్షలు కొట్టేద్దామనుకుంటున్నావా?" అన్నాను. పాపం, అతను దక్షిణం మాటే ఎత్తలేదు.

ఎవరెవరు వచ్చారో, ఏమన్నారో నేను నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. హేతువాది కదా, రికార్డు ఉండాలి. ఎవరడిగినా "వచ్చినవాళ్ళలో మూడొంతులు వాస్తు పిచ్చివాళ్ళే" అని చెప్పేవాణ్ణి. 2025 జూన్‌లో ఒక రాత్రి నిద్రపట్టక ఆ పుస్తకం తీసి లెక్కపెట్టాను. వచ్చింది 31 మంది. గుమ్మం దిక్కు ఎత్తినవాళ్ళు 12 మంది. ధర, బిల్డింగు వయసు గురించి అన్నవాళ్ళు తొమ్మిది మంది. పార్కింగు, లోను అన్నవాళ్ళు అయిదుగురు. మిగతావాళ్ళు ఏమీ అనలేదు. మూడొంతులు ఎక్కణ్ణుంచి వచ్చిందో మీరే చెప్పండి.

అంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకొకటి ఉంది. మా వరండాకి అవతల, సరిగ్గా మా ఎదురు ఫ్లాటు. అదే విస్తీర్ణం, అదే సిమెంటు. గుమ్మం ఉత్తరానికి. అదీ అమ్మకానికే ఉంది, మాకన్నా ముందునుంచి. ఆయన చెప్పే ధర 88 లక్షలు. అందులోంచి మూడు లక్షలు "దక్షిణానికి" తీసేసే నేను 85 అనుకున్నాను. పండితులు కళ్ళకద్దుకునే ఆ ఇల్లూ అమ్ముడుపోలేదు. ప్రయోగశాలలో కంట్రోల్ లేకపోతే ప్రయోగమే కాదని పిల్లలకి చెబుతాం. నాకు కంట్రోల్ ఎదురుగుమ్మంలో ఉంది. దాన్ని పది నెలలు చూడలేదు.

అసలు 88 ఎవరూ ఇచ్చిన ధర కాదు, ఆయన అడిగిన ధర. మన దేశంలో ఇల్లు నిజంగా ఎంతకి అమ్ముడైందో కాగితం మీద దొరకదు. ఈసీ తీస్తే రిజిస్టరు చేసిన విలువ ఉంటుంది, చేతులు మారిన డబ్బు చాలాసార్లు వేరు. అందుకని అందరం పక్కవాడు అడుగుతున్న అంకె చూసి మన అంకె చెబుతాం, మన అంకె చూసి ఇంకొకడు చెబుతాడు. వదంతి ఇలాగే పుడుతుంది కదా.

దీని మీద పరిశోధనలున్నాయని అప్పుడు చదివాను. అమెరికాలో టూసాన్ నగరంలో నార్త్‌క్రాఫ్ట్, నీల్ అనే ఇద్దరు 1987లో ప్రచురించిన ప్రయోగం ఒకటి. రియల్ ఎస్టేట్ ఏజెంట్లకి ఒకే ఇల్లు చూపించి, అమ్మేవాడు అడుగుతున్న ధర మాత్రం వేర్వేరుగా ఇచ్చారు. ఎక్కువ అంకె చూసినవాళ్ళు ఇంటి విలువ ఎక్కువ కట్టారు. ఆ అంకె ప్రభావం తమ మీద లేదని మాత్రం గట్టిగా చెప్పారు. ఇంకోటి బోస్టన్ మీద జెనెసోవ్, మేయర్ 2001లో రాసింది. కొన్న ధరకన్నా తక్కువకి అమ్మాల్సొచ్చినవాళ్ళు, మిగతావాళ్ళకన్నా ఎక్కువ ధర అడుగుతారు, అమ్ముడవడానికి ఎక్కువ కాలం పడుతుంది.

నేను 30కి కొన్నాను, 70 వస్తుంటే నష్టమేమిటి అంటారా? నా బుర్రలో ఉన్నది 30 కాదు. ఆదాయపన్ను వాళ్ళ ద్రవ్యోల్బణ సూచిక 2008-09కి 137, 2025-26కి 376. ఆ లెక్కన నా 30 లక్షలు 82 లక్షల పైమాట. ఆ అంకె పట్టుకుని, అంతకి తగ్గితే మోసపోయినట్టే అనుకున్నాను. పదహారేళ్ళు అద్దె కట్టకుండా ఉన్నది మాత్రం లెక్కలో వెయ్యలేదు. కొనేవాడికి నా 2008తో ఏం పని? నేను ముహూర్తం చూడలేదు, దిక్కు చూడలేదు, ఒక అంకెకి మాత్రం రోజూ దణ్ణం పెట్టుకున్నాను.

జులైలో ఎదురు ఫ్లాట్ ఆయన 74కి దిగాడు, అయిదు వారాల్లో 72కి అమ్ముడైంది. ఆగస్టులో నేను 72 అన్నాను. అక్టోబరులో 67కి అమ్మాను. ఈ అయిదు లక్షల తేడాలో దక్షిణం వాటా ఎంత? కొంత ఉండే ఉంటుంది. దిక్కుకి శక్తి లేకపోయినా, పదిమంది నమ్మితే ధరకి దెబ్బే. అయితే ఆయన ఇంటికి కొత్తగా రంగులేశాడు, మాది పద్నాలుగు నెలలు ఖాళీగా పడుంది. ఒక్క జత ఫ్లాట్లతో సిద్ధాంతం కట్టను.

నా ఎనిమిది లక్షల లెక్క మాత్రం తేలికే. 70కీ 67కీ తేడా మూడు, 70 లక్షల మీద ఏడాది వడ్డీ ఏడు శాతం చొప్పున 4.9, మెయింటెనెన్సు ముప్ఫై వేలు. అమ్మ గదికి బాత్‌రూం పని ఏడాది ఆలస్యంగా మొదలైంది. అది ఈ లెక్కలో లేదు.

కొన్నది సాఫ్ట్‌వేర్ దంపతులు. ఆఖరి మూడు లక్షలూ తగ్గించింది ఆ అమ్మాయే, "దక్షిణం గుమ్మం కదా అంకుల్, రేపు మేం అమ్మాలంటే ఎవరు తీసుకుంటారు?" అని. రిజిస్ట్రేషన్ రోజు, వేలిముద్రలు అయ్యాక, గృహప్రవేశం ఎప్పుడమ్మా అని అడిగాను. "అలాంటివేం పెట్టుకోలేదు అంకుల్. వాస్తూ గీస్తూ మేం నమ్మం" అంది. మా ఆవిడ నావైపు చూసి, ఆఫీసు మెట్ల మీదే నవ్వడం మొదలుపెట్టింది. తెనాలి బస్సెక్కేదాకా ఆపలేదు.