బోర్డు మారింది... సీసా సంగతి?

గద్వాలలో గానీ, వనపర్తిలో గానీ, నాగర్‌కర్నూలులో గానీ దారి అడిగి చూడండి. ‘కల్లు కాంపౌండు దాటినాక ఎడమకు’ అనే జవాబు వచ్చినా ఆశ్చర్యం లేదు. గుడి, బడి తర్వాత అందరికీ తెలిసిన చోటు అదేనాయె!

ఆ చోటుకు ఎన్ని పేర్లో! గద్వాల, వనపర్తి నిజాం కింద సంస్థానాలుగా ఉన్న రోజుల్లో కల్లును ఉర్దూలో ‘సేందీ’ అనేవారు. గుత్తకిచ్చే శాఖ ఆబ్కారీ. ఇప్పుడు దాని పేరు ‘ప్రొహిబిషన్, ఎక్సైజ్’. అమ్మకానికి లైసెన్సు ఇచ్చేదీ ఆ శాఖే, పేరులో నిషేధం పెట్టుకున్నదీ ఆ శాఖే!

సారాదీ అదే కథ. 1980లలో ప్రభుత్వం దాన్ని ప్యాకెట్లలో పోసి ‘వారుణి వాహిని’ అని పురాణం పేరు తగిలించింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు కొంగు బిగించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. సారా కొట్టు పోయి ‘వైన్స్’ మిగిలింది. వైన్ అంటే ద్రాక్షసారా. అక్కడ ఎక్కువగా అమ్ముడయ్యేది మాత్రం విస్కీ, బ్రాందీ, బీరు.

ఇప్పుడు రెండేళ్లకోసారి లాటరీ. చీటీ ఎవరికి తగిలితే వారి ఇలవేల్పు పేరో, మనవరాలి పేరో బోర్డెక్కుతుంది. తాగేవాడు బోర్డు చదువుతాడా?

ఇన్ని మార్పుల్లో పేరు మారనిది కల్లు ఒక్కటే. మారింది లోపలి సరుకు. చెట్లు తగ్గి గిరాకీ పెరిగిన చోట క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం వంటి మత్తుమందులు సీసాలో చేరాయి. 2015 సెప్టెంబరులో కల్తీని కట్టడి చేయగానే పాలమూరు జిల్లాలో ఎందరో వణుకుతూ, పిచ్చిచూపులు చూస్తూ ఆసుపత్రుల పాలయ్యారు. అప్పటికి ఈ మూడు ఊళ్లూ ఆ జిల్లాలోవే. 2016 అక్టోబరులో విడి జిల్లాలయ్యాయి. వాళ్లను అంత కుదేలు చేసింది చెట్టు నుంచి దిగిన మత్తు కాదు, మాత్రల మత్తు.

మోకు, ముత్తాదు కట్టుకుని ప్రాణాలకు తెగించి చెట్టెక్కే గీత కార్మికుడి మెడకు ఈ పాపం చుట్టకండి. అతని నోటికాడి కూడు లాగేసింది కూడా ఈ కల్తీయే.

మీ ఇంట్లో పెద్దాయనకు పొద్దున్నే కల్లు పడకపోతే చేతులు వణుకుతున్నాయా? తిట్టకండి. గదిలో పెట్టి ఉన్నపళంగా మాన్పించకండి, ప్రాణం మీదికి రావచ్చు. ఆసుపత్రికి తీసుకెళ్లండి. డాక్టరు కనిపెట్టుకుని ఉండగా మెల్లగా మానాలి.

దుకాణానికి ఎవరి పేరైనా పెట్టుకోనీయండి. సీసాలో ఏముందని అడిగే హక్కు మాత్రం మనదే.