బరువు తగ్గితే బలం పెరుగునా?

గోడనెక్కే క్రీడ అయిన క్లైంబింగ్‌లో దేహభారం తరచూ వేళ్ల కొసలపై నిలుస్తుంది. అందుకే సన్నబడితే గెలుపు దక్కునన్న భ్రమ యువతను పస్తుల వైపు నెడుతోంది. తొలుత లాభమే కనిపించవచ్చు. కాని శ్రమకు తగిన ఆహారం అందని దేహం తన పనులను కుదించుకుంటుంది. బాలికలకు నెలసరి ఆగవచ్చు, ఎముకలు బలహీనపడతాయి, గాయాలు త్వరగా మానవు.

అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితికి ‘రెడ్-ఎస్’ అని పేరు పెట్టింది. స్లొవేనియాకు చెందిన ఒలింపిక్ స్వర్ణ విజేత యాన్యా గార్న్‌బ్రెట్ 2023లో దీనిపై బహిరంగంగా గళమెత్తారు. మరుసటి ఏడు అంతర్జాతీయ క్లైంబింగ్ సమాఖ్య క్రీడాకారుల ఆరోగ్య పరీక్షలకు నియమావళి తెచ్చింది.

తల్లిదండ్రులారా! సాధనకు ముందు అన్నమో రొట్టెయో, తరువాత గుడ్డో పప్పో పెట్టండి. నెలసరి ఆగితే శ్రమవల్లనే అని ఊరుకోక వైద్యురాలికి చూపించండి. బిడ్డ పతకం కన్నా ముందు బిడ్డ పళ్లెం చూడండి.