ముప్పయి రోజుల ముచ్చట

మా వీధి మలుపులో ఒక బోర్డుంది. "30 రోజుల్లో గలగలా ఇంగ్లీష్ మాట్లాడండి!" అని. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటారా? అలాంటి బోర్డునే నమ్మి డబ్బు కట్టినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

నేను బి.ఏ. చదివాను. ఇంగ్లీషు నవలల మీద పేజీలకు పేజీలు వ్యాసాలు రాసి పాసయ్యాను. అయినా ఫోనులో అవతలి గొంతు ఇంగ్లీషులో పలికిందంటే చాలు, "ఏమండీ, మీకే" అంటూ మావారి చేతిలో పెట్టేసేదాన్ని. ఆ చిన్నతనం భరించలేకే క్లాసులో చేరాను. నెల తిరిగింది. సర్టిఫికెట్ వచ్చింది, ఇంగ్లీషు రాలేదు. నా పక్కన కూర్చునే ఆవిడ, ఇద్దరు పిల్లల తల్లి, ఆఖరి రోజున "నాది మొద్దు బుర్రండీ, నాకిక రాదు" అని కళ్ళొత్తుకుంది. ఇవాళ నేను కలం పట్టింది ఆ మాట కోసమే.

ఆ రోజు ఇంటికొచ్చి, పాల లెక్క రాసుకునే కేలండరు వెనక ఒక లెక్క వేశాను. క్లాసు గంట. మేము 30 మందిమి. మేష్టారు వ్యాకరణం చెప్పేది 40 నిమిషాలు. మిగిలిన 20 నిమిషాలూ సమంగా పంచితే తలకి 40 సెకన్లు. నెలంతా కలిపినా 20 నిమిషాలు! అంతసేపట్లో కుక్కరు లేకపోతే కందిపప్పయినా ఉడకదు. పరాయి భాష నోట పలుకుతుందా?

సంగీతం మేష్టారెవరైనా నెల రోజుల్లో కృతి పాడిస్తానంటే మనం నమ్ముతామా? సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు... వర్ణం దాకా రావడానికే ఏళ్ళు పడుతుందని మనకు తెలుసు. మరి ఇంగ్లీషు దగ్గర ఆ తెలివి ఏమైపోతుందో!

పెద్దవాళ్ళ లెక్కలు చూడండి. అమెరికా ప్రభుత్వం తన దౌత్య ఉద్యోగులకు భాషలు నేర్పడానికి ఒక సంస్థ నడుపుతోంది. ఉద్యోగానికి సరిపడా తెలుగు రావడానికి వాళ్ళు కేటాయించే కాలం సుమారు 44 వారాలు, 1100 గంటలు. అదీ జీతమిచ్చి, వేరే పని పెట్టకుండా! రోజుకో గంట చొప్పున మనం లెక్కేసుకుంటే, ఆదివారమైనా సెలవు లేకుండా మూడేళ్ళు. వాళ్ళకు మన భాష ఎంత దూరమో, మనకు వాళ్ళ భాషా అంతే దూరం కదా! కేంబ్రిడ్జి పరీక్షలవారైతే, మొదటినుంచీ మొదలుపెట్టి రోజువారీ సంగతులు సొంతంగా మాట్లాడుకోగల బి1 మెట్టు చేరడానికి 350 నుంచి 400 గంటల బోధన కావాలంటారు. మన బోర్డువాడిచ్చేది 30 గంటలు.

"2012లో వచ్చిన 'ఇంగ్లీష్ వింగ్లీష్' సినిమాలో శ్రీదేవి నాలుగు వారాల్లో నేర్చుకోలేదా?" అంటారు. నాకూ ఇష్టమే ఆ సినిమా. కానీ ఆమె క్లాసు దాటి బయటికొస్తే న్యూయార్క్. బస్సులో, కొట్లో, వీధిలో చెవులనిండా ఇంగ్లీషే. మనం క్లాసు దాటితే కూరగాయల బండి, పిల్లల హోంవర్కు.

"బడిలో ఇన్నేళ్ళు చదివారుగా, ఆ గంటలో?" అని మరో ప్రశ్న. నిజమే, ఆ పెట్టుబడి మనకుంది. అయితే ఆ గంటలన్నీ కంటికీ చేతికీ పోయాయి. చెవికీ నోటికీ దక్కిందేమిటి? ఈతను పుస్తకంలో చదివినవాళ్ళను గోదావరిలోకి తోసినట్టుంది మన పని.

ఇంతకీ తప్పంతా బోర్డువాడిదేనా? కాదు. "నెల చాలదూ? ఇంకా ఎన్నాళ్ళు వెళ్తావు?" అని గడియారం చూసే ఇంట్లోవాళ్ళదీ కొంత ఉంది. అబ్బాయి కోచింగుకి ఏళ్ళు ఇస్తాం. అమ్మకి సాయంత్రం ఒక గంట ఇవ్వడానికి మాత్రం అందరికీ ఆకలేస్తుంది!

కనుక అక్కయ్యలూ, ఈసారి క్లాసుకు వెళ్తే ఎన్ని రోజులని అడక్కండి. మొత్తం ఎన్ని గంటలు? క్లాసుకి ఎంతమంది? మా నోరు విప్పనిచ్చేది ఎన్ని నిమిషాలు? ఈ మూడూ అడగండి. జవాబు చెప్పలేనివాడికి డబ్బు కట్టకండి. ఇంట్లో రోజూ అరగంట రేడియో వార్తలో, ఫోనులో కథో వినండి. వారానికి రెండుసార్లయినా స్నేహితురాలితో సిగ్గుపడకుండా తప్పులతోనే మాట్లాడండి. ఆ గంటలూ లెక్కలోకే వస్తాయి.

ఇప్పుడు మా ఇంట్లో ఇంగ్లీషు ఫోను నేనే తీస్తున్నాను. తప్పులు దొర్లుతున్నాయి, దొర్లనీయండి. కేలండరు వెనక పాల లెక్క పక్కనే నా గంటల లెక్కా రాసుకుంటున్నాను. నిన్నటికి 212. ఆ ఇద్దరు పిల్లల తల్లి ఎక్కడుందో గానీ, ఇది చదివితే బావుండును. అమ్మా, నీ బుర్ర మొద్దుది కాదు. నీకిచ్చిన గంటలే చాలలేదు.