పిల్లల గొంతులో ఐరిష్

యూరోవిజన్ పాటల పోటీలో ఐర్లండ్ ఏడుసార్లు గెలిచింది. ఆ ఏడు పాటలూ ఇంగ్లిషు పాటలే. 1972లో శాండీ జోన్స్ అనే గాయని ఐరిష్‌లో పాడింది. 15వ స్థానం వచ్చింది. ఆ తర్వాత పూర్తిగా ఐరిష్‌లో సాగే పాట ఆ దేశం తరఫున పెద్దల పోటీలో మళ్లీ వినిపించలేదు. 1937 రాజ్యాంగం మొదటి అధికార భాషగా ప్రకటించిన భాష ఇది. దేశమంతా టీవీల ముందు కూర్చునే ఆ ఒక్క రాత్రి మాత్రం గడప దాటి బయటికి రాలేకపోయింది.

దాన్ని గడప దాటించింది పిల్లలు. జూనియర్ యూరోవిజన్ 2003లో కోపెన్‌హేగెన్‌లో మొదలైంది. ఐర్లండ్ అందులో అడుగుపెట్టింది 2015లో. పెద్దల పోటీకి గాయకులను పంపుతూ వచ్చింది జాతీయ ప్రసార సంస్థ ఆర్టీఈ. పిల్లలను పంపే బాధ్యత మాత్రం ఐరిష్ భాషా చానల్ టీజీ4 తలకెత్తుకుంది. ఆ ఏడాది బల్గేరియా రాజధాని సోఫియాలో ఏమీ బ్యాంక్స్ అనే అమ్మాయి మొదటి నుంచి చివరి దాకా ఐరిష్‌లోనే పాడింది. 12వ స్థానంలో నిలిచింది.

పెద్దలు 1999 నుంచి ఏ భాషలోనైనా పాడవచ్చు. పిల్లల పోటీలో అలా కుదరదు. పాటలో ఎక్కువ భాగం సొంత దేశపు భాషలోనే ఉండాలి. అయితే ఐర్లండ్‌లో ఇంగ్లిషు కూడా అధికార భాషే కాబట్టి, మొత్తం ఇంగ్లిషులో పాడించినా నిబంధన అడ్డురాదు. టీజీ4 ఆ సులువైన దారి పట్టలేదు. కొన్నేళ్లు పాటలో ఇంగ్లిషు పంక్తులు కలిసిన మాట నిజమే. అయినా ఐరిష్‌ను వదిలిపెట్టిన ఏడాది లేదు.

ఈ పట్టుదల విలువ తెలియాలంటే 19వ శతాబ్దపు ఐర్లండ్ బడిలోకి వెళ్లాలి. పిల్లల మెడలో ఒక చిన్న కర్ర వేలాడేది. ఐరిష్‌లో మాట్లాడినప్పుడల్లా దాని మీద ఒక గాటు పెట్టేవారు. సాయంత్రం గాట్లు లెక్కబెట్టి శిక్ష వేసేవారు. గుండెను మెలిపెట్టే సంగతి ఇంకొకటుంది. చాలాచోట్ల తల్లిదండ్రులే దీనికి ఒప్పుకున్నారు. పిల్లలు ఇంట్లో ఐరిష్ మాట్లాడితే తామే గాటు పెట్టి బడికి పంపినవాళ్లూ ఉన్నారు. 1840ల బంగాళాదుంప కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు. అంతకు తగ్గని సంఖ్యలో జనం ఓడలెక్కి వెళ్లిపోయారు. ఎక్కువగా నష్టపోయింది ఐరిష్ మాట్లాడే పడమటి పల్లెలే. బిడ్డ బతకాలంటే అమెరికా వెళ్లాలి, వెళ్లాలంటే ఇంగ్లిషు రావాలి. ఆ తల్లిదండ్రులను నిందించడానికి మనసు రాదు. కానీ తన నోట వచ్చిన అమ్మ మాటకు దెబ్బలు తిన్న పిల్లవాడు, రేపు తన బిడ్డతో ఆ మాట ఎలా మాట్లాడతాడు?

స్వాతంత్ర్యం వచ్చాక బడుల్లో ఐరిష్‌ను తప్పనిసరి చేశారు. వందేళ్లు గడిచాయి. 2022 జనగణనలో తమకు ఐరిష్ వచ్చని చెప్పినవాళ్లు సుమారు 18.7 లక్షల మంది, జనాభాలో 40 శాతం. బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు మాత్రం దాదాపు 72 వేలు. పరీక్ష కోసం చదివిన భాష పరీక్షతోనే ఆగిపోతుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. పాట కోసం నేర్చుకున్న భాష సంగతి వేరు. పిల్లలు ఆ పాటను స్నానం చేస్తూ పాడతారు, బస్సులో పాడతారు, స్నేహితులకు నేర్పుతారు. ఆ పని చేయమని ఏ ప్రభుత్వమూ ఆదేశించలేదు.

అందుకే పోటీలో వచ్చే స్థానాలను బట్టి ఐరిష్ గెలిచిందనో ఓడిందనో తేల్చడం అన్యాయం. 2017లో 16 దేశాల్లో 15వ స్థానం, 2021లో 19 దేశాల్లో 18వ స్థానం వచ్చాయి. మరుసటి ఏడాదే యెరెవాన్‌లో సోఫీ లెనన్ 'సోలస్' అనే పాటతో నాలుగో స్థానానికి చేరింది. ఒక ఏడాదిలో భాష చచ్చి బతకలేదు కదా. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల వయసు పిల్లల భుజాల మీద జాతి పరువు మోపకూడదు. ఈ సంగతి నిర్వాహకులకు తెలుసు. చాలా ఏళ్లపాటు ప్రతి దేశానికీ ముందుగానే 12 పాయింట్లు ఇచ్చి ఓట్ల లెక్క మొదలుపెట్టేవారు, ఏ బిడ్డా సున్నాతో ఇంటికి వెళ్లకూడదని. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఓటు వేసేవాళ్లు ఒక్క దేశానికే వేసి ఊరుకోవడానికి వీల్లేదు, మూడు దేశాలకు వేయాలి. పిల్లల పోటీలు నడిపే వాళ్లంతా నేర్చుకోదగ్గ దయ ఇది.

టీజీ4 ప్రసారాలు మొదలైన 1996లోనే మన ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైంది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పాట పూర్తయ్యాక పిల్లలకు ఉచ్చారణ దిద్దేవారు. ఆ పాట రాసిన కవి గురించి చెప్పేవారు. తప్పు చెప్పినప్పుడు కూడా పిల్లలు చిన్నబోకుండా చూసుకునేవారు. 'ళ'కూ 'ల'కూ తేడా ఆయన నోట విని నేర్చుకున్న ఇళ్లు ఎన్నో. తెలుగు మాట్లాడేవాళ్లు ఎనిమిది కోట్ల పైమాటే, మన పరిస్థితి ఐరిష్‌ది కాదు. అయినా ఇవాళ సాహిత్యాన్ని ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకుని తెలుగు పాట నేర్చుకునే పిల్లలు అమెరికాలోనే కాదు, హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఉన్నారు. వాళ్లను వేలెత్తి చూపి నవ్వేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. ఆ పిల్లలు పాట పాడుతున్నారు. అక్షరాలు దిద్దించాల్సింది మనం. అది మన వంతుగా మిగిలిన పని.

టీజీ4 నడిపే ఎంపిక పోటీ మొత్తం ఐరిష్‌లోనే సాగుతుంది. అయినా ఐరిష్ మాట్లాడే ఊళ్ల పిల్లలే రావాలన్న షరతు లేదు. భాష ఇంకా తడబడుతున్న పిల్లవాడు కూడా వేదిక ఎక్కి, పాట నేర్చుకుని, పాడి వెళ్లవచ్చు.